ధాతృ సంవత్సర చైత్ర బహుళ ద్వాదశి : సింహాద్రి శాసనం, కాలగణనం, భూపరిక్రమణం

సనాతన ధర్మంలో ఏ వైదిక కర్మను ఆరంభించాలన్నా ముందుగా సంకల్పం చెప్పుకొనడం విధి. కర్త తాను ఏ దేశంలో నిలిచి ఉన్నాడో, ఏ కాలంలో నిలిచి ఉన్నాడో దేవతకు విన్నవించుకొని, ఆ తరువాతనే జలాన్ని విడుస్తాడు. ఉత్తరాంధ్రలో సంకల్పం చెప్పేవారు శ్రీశైలానికి ఈశాన్య దిగ్భాగంలో తామున్నట్లు చెప్పుకొంటారు. తెలిసిన ఒక స్థానాన్ని ప్రమాణంగా గ్రహించి, దాని నుండి తన స్థానాన్ని దిక్కుతో నిర్దేశించడమే దేశనిర్ణయం. కల్పం, మన్వంతరం, యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం అని అనంతకాలాన్ని క్రమంగా సంకోచింపజేసి ప్రస్తుత క్షణానికి తీసుకొని రావడం కాలనిర్ణయం. నిత్యం నోటితో పలికే ఈ నాలుగు మాటల వెనుక గొప్ప శాస్త్రపరిశ్రమ ఉన్నది. వేదాంగాలలో జ్యోతిషానికి నేత్రస్థానం లభించినది ఇందుచేతనే.

ఈ దేశకాల విచారం లోకమంతటా తీవ్రంగా సాగిన కాలం క్రీ.శ. పదహారవ శతాబ్ది ప్రథమార్ధం. పాశ్చాత్యుల నౌకలు భూమిని చుట్టి వచ్చినది అప్పుడే. భారతదేశంలో తంత్రసంగ్రహం, గ్రహలాఘవం వంటి మహాగ్రంథాలు వెలసినదీ అప్పుడే. అదే కాలంలో కళింగాంధ్ర సీమలో, సింహాద్రి అప్పన్న సన్నిధిలో, ఒక చక్రవర్తి వేయించిన శాసనంలో ఒక తిథి శిలారూపం దాల్చింది. ఆ తిథిని ఆధారంగా చేసుకొని ఆనాటి శాస్త్రాన్ని, యాత్రలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

శిలపై నిలిచిన తిథి

శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్ర ఉదయగిరి దుర్గంతో ఆరంభమైంది. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు వశమైన పిమ్మట కొండపల్లి, రాజమహేంద్రవరాల మీదుగా విజయనగర సైన్యం ఉత్తరానికి సాగింది. ప్రతిరుద్ధుడైన ప్రభువు ప్రతాపరుద్ర గజపతి. యుద్ధవృత్తాంతం సుప్రసిద్ధమే కనుక ఇక్కడ విస్తరించవలసిన పని లేదు. రాయలు సింహాచలం చేరి శ్రీవరాహలక్ష్మీనృసింహస్వామిని సేవించి, తన తల్లిదండ్రులైన నాగాజమ్మ, నరసానాయకులకు పుణ్యం కలుగవలెనని తొమ్మిదివందల తొంభైయొక్క ముత్యాల హారాన్ని, ఇతర ఆభరణాలను సమర్పించాడు. దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి కూడా పతకాలు సమర్పించారు.

ఆ సమర్పణను తెలిపే శాసనంలోని కాలం ఇది: శక వర్షం 1438, ధాతృ నామ సంవత్సరం, చైత్ర బహుళ ద్వాదశి. పాశ్చాత్య గణన ప్రకారం ఇది 1516 మార్చి 30, ఆదివారం అవుతుంది.

భక్తుడు ఈ పంక్తిని చదివి నమస్కరించి ముందుకు సాగుతాడు. జిజ్ఞాసువు మాత్రం ఇక్కడ ఒక్క క్షణం ఆగవలె. ఐదువందల సంవత్సరాల తరువాత ఆ తిథి సత్యమా, అసత్యమా అని పరీక్షించడం సాధ్యమేనా? సాధ్యమే. ఆ పరీక్షకు కావలసిన సామగ్రి అంతా ఆ పంక్తిలోనే ఉన్నది.

మొదటిది సంవత్సర నామం. శకవర్షానికి పన్నెండు కలిపి అరువదితో భాగించగా మిగిలిన శేషమే ప్రభవాది సంవత్సర సంఖ్య. 1438కి పన్నెండు కలిపితే 1450. దానిని అరువదితో భాగిస్తే శేషం పది. ప్రభవ మొదలుగా లెక్కించితే ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి, ఆంగీరస, శ్రీముఖ, భావ, యువ, ధాతృ, పదవది ధాతృ. శాసనం చెప్పిన నామమే లభించింది. బార్హస్పత్యమానం ప్రకారం ఒక సంవత్సరం సుమారు 361 దినాలు మాత్రమే కనుక ఉత్తర దేశంలో సుమారు 85 సంవత్సరాలకు ఒక నామాన్ని లోపింపజేస్తారు. దక్షిణాదిన ఆ లోపాన్ని విడిచిపెట్టి సౌరవర్షానికి ఒక నామం చొప్పున వరుసగా ఉపయోగిస్తున్నారు. ఈ శాసనం దక్షిణ సంప్రదాయాన్ని అనుసరించినదని ఇందువల్లనే స్పష్టమవుతున్నది.

రెండవది తిథి. చంద్రుడు సూర్యుని నుండి పన్నెండు అంశలు ఎడమైనప్పుడెల్లా ఒక తిథి పూర్తి అవుతుంది. సూర్యోదయ కాలంలో ఏ తిథి ఉన్నదో ఆ దినానికి ఆ తిథి పేరే వ్యవహారం. నేటి గణితంతో చంద్రమాసాలను వెనుకకు లెక్కించుకొంటూ పోతే, ఆ మార్చి 30 సూర్యోదయానికి అమావాస్య సుమారు మూడు దినాల ముందున్నది. అంటే కృష్ణపక్షంలో ద్వాదశి. ఆ చాంద్రమాసం మధ్యలోనే మేష సంక్రమణం జరిగింది కనుక ఆ మాసం చైత్రమే. నామం, మాసం, పక్షం, తిథి పరస్పరం సాక్ష్యమిస్తున్నాయి. శాసనకర్త సమీపంలో పంచాంగం ఎరిగిన దైవజ్ఞుడు ఉన్నాడనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఆయన పేరు శిల మీద లేదు. ఆయన గణితం మాత్రం ఉన్నది.

భక్తులకు మరొక విశేషం కూడా ఇందులో గోచరిస్తుంది. ఆ ముందటి తిథి చైత్ర బహుళ ఏకాదశి, అనగా వరూథిని ఏకాదశి. ఏకాదశి హరివాసరం, ద్వాదశి పారణకు, దానానికి ప్రశస్తమైన తిథి. మరి ఆరు తిథులు గడిస్తే వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయ. నేడు సింహాచలంలో చందనోత్సవం జరిగేది, స్వామి నిజరూప దర్శనం లభించేది ఆ నాడే. శాసనం ఈ సంబంధాన్ని ప్రస్తావించలేదు. తిథిని సరిగా గుణించుకొన్నవారికి మాత్రం ఆ దినం యొక్క స్థానం మనోగోచరమవుతుంది.

ఒకే సీమ, రెండు కాలమానాలు

సింహాచలం, శ్రీకూర్మం, శ్రీముఖలింగం క్షేత్రాల శాసనాలు చదివేవారికి మరొక విచిత్రం ఎదురవుతుంది. గంగ, గజపతి ప్రభువుల కాలపు శాసనాలలో శకవర్షంతో పాటు అంక సంవత్సరం అనే రాజ్యవర్ష గణన కనిపిస్తుంది. ఈ గణనలో మొదటి అంకాన్ని ఉపయోగించరు. ఆరుతో ముగిసే అంకాలను, పది తప్ప సున్నతో ముగిసే అంకాలను విడిచిపెడతారు. అందుచేత రాజు పాలించిన మొదటి సంవత్సరం రెండవ అంకం. ఐదవ సంవత్సరం ఆరవ అంకం కావలసి ఉండగా ఏడవ అంకం అవుతుంది. సంవత్సరారంభం కూడా చైత్ర శుద్ధ పాడ్యమి కాదు. భాద్రపద శుద్ధ ద్వాదశి. ఓఢ్రదేశంలో దానిని సునియా అంటారు.

ఈ నియమం ఎరుగక శాసనాన్ని చదివినవారు రాజుల కాలాన్ని అనేక వర్షాలు పొడిగించే ప్రమాదం ఉన్నది. నాగావళి, వంశధారల మధ్యనున్న ఈ సీమలో ఆలయ కరణం ఉగాదికి ఒక లెక్క, సునియాకు మరొక లెక్క తెలిసి ఉండవలసి వచ్చింది. రాజ్యాలు మారినప్పుడు గణన పద్ధతులూ మారాయి. అయినా తిథి మారలేదు. గజపతి ఏలినా, రాయలు ఏలినా ద్వాదశి ద్వాదశే. మానవకల్పితమైన అంకానికి, ఆకాశంలో జరిగే సంయోగానికి గల భేదం ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. మొదటిది ఆజ్ఞచేత నిలుస్తుంది. రెండవది దర్శనం చేత నిలుస్తుంది.

మూడు యాత్రలు

ఆ దశాబ్దంలో జరిగిన మూడు యాత్రలను ఏకత్ర పరిశీలించడం ఉచితం.

మొదటిది శ్రీకృష్ణచైతన్య మహాప్రభువు యాత్ర. 1510లో సన్న్యాసం స్వీకరించిన పిమ్మట ఆయన పురుషోత్తమ క్షేత్రం నుండి దక్షిణాభిముఖంగా పాదచారియై బయలుదేరాడు. చైతన్య చరితామృతం ప్రకారం ఆయన కూర్మక్షేత్రాన్ని, అనంతరం జియడ నృసింహ క్షేత్రాన్ని, అనగా సింహాచలాన్ని సేవించి గోదావరీ తీరం చేరాడు. అక్కడ ప్రతాపరుద్రుని అధికారియైన రామానంద రాయలతో జరిగిన భక్తితత్త్వ సంవాదం వైష్ణవలోకానికి సుపరిచితమే. తరువాత శ్రీరంగంలో చాతుర్మాస్యం గడిపాడు. వర్షర్తువులో యతి సంచరించరాదన్న నియమం యాత్రకు కాలసీమను విధించింది.

రెండవది రాయల విజయయాత్ర. ఇది కూడా ఋతువును అనుసరించినదే. నదులు పొంగే కాలంలో గజ, తురగ సైన్యాలు గోదావరిని దాటడం దుష్కరం. సింహాద్రి చేరిన తిథి చైత్రంలో ఉండడం ఆశ్చర్యం కలిగించదు. రాయలు 1519లో మరల సింహాచలాన్ని సందర్శించాడు.

మూడవది సముద్రయాత్ర. 1498 మే 20న వాస్కో డ గామా కోళిక్కోడు తీరం చేరాడు. ఆఫ్రికా తీరంలోని మలింది నుండి ఋతుపవనాల మార్గం ఎరిగిన నావికుడు వెంట రాగా ఆ ప్రయాణం సాధ్యమైంది. ఈ సముద్రంలో సంచరించేవారికి ఋతుపవనాలు కొత్తవి కావు. వచ్చినవారే కొత్తవారు. 1510లో పోర్చుగీసువారు గోవాను ఆక్రమించారు. అటుపై 1519 సెప్టెంబరు 20న మెగలన్ నాయకత్వంలో ఐదు నౌకలు స్పెయిన్ నుండి పశ్చిమాభిముఖంగా బయలుదేరాయి. 1521 ఏప్రిల్ 27న మెగలన్ ఫిలిప్పీన్ ద్వీపాలలో జరిగిన యుద్ధంలో మరణించాడు. మిగిలిన ఒకే ఒక్క నౌక విక్టోరియా, ఎల్కానో సారథ్యంలో 1522 సెప్టెంబరు 6న స్వదేశం చేరింది. ఆ నౌకలో భూమిని సంపూర్ణంగా చుట్టి వచ్చినవారు పద్దెనిమిదిమంది మాత్రమే.

భక్తుని పాదయాత్ర, రాజు జైత్రయాత్ర, నావికుని సముద్రయాత్ర. ఈ మూడింటి ప్రయోజనాలు వేరు. ఒకరు స్వామిని వెదికారు, ఒకరు రాజ్యాన్ని, మరొకరు సుగంధద్రవ్యాలను. కాలాన్ని లెక్కించడం మాత్రం ముగ్గురికీ అనివార్యం.

లుప్తమైన ఒక దినం

విక్టోరియా నౌకలో పిగఫెట్టా అనే ఇటలీ దేశస్థుడు ప్రతిదినం విడువక దినచర్య వ్రాస్తూ ఉండేవాడు. 1522 జూలైలో నౌక ఆఫ్రికా సమీపంలోని కేప్ వర్ద్ ద్వీపాలలో ఆగినప్పుడు, ఒడ్డుకు వెళ్లినవారు ఆ దినం ఏ వారమని అడిగారు. గురువారం అని బదులు వచ్చింది. నౌకలోని లెక్క ప్రకారం బుధవారం. ఒక్క దినం కూడా విడువకుండా వ్రాసిన పుస్తకంలో ఒక దినం ఎట్లు లోపించింది? మొదట వారు విస్మయం పొందారు. తరువాత కారణం అవగతమైంది.

సూర్యుని గమనదిశలోనే పశ్చిమంగా ప్రయాణించేవానికి ప్రతి దినమూ స్వల్పంగా దీర్ఘమవుతుంది. భూమిని పూర్తిగా ఒక మారు చుట్టేసరికి ఆ స్వల్పాలన్నీ కలిసి ఒక అహోరాత్రం అవుతుంది. స్వస్థానంలో ఉన్నవారి కంటె అతడు ఒక సూర్యోదయం తక్కువగా చూస్తాడు. తూర్పుగా చుట్టేవాడు ఒకటి ఎక్కువగా చూస్తాడు.

ఈ తత్త్వం భారతీయ సిద్ధాంత గ్రంథాలలో చాలా పూర్వమే ప్రతిపాదితమై ఉన్నది. లంకలో సూర్యోదయమైనప్పుడు యమకోటిలో మధ్యాహ్నమని, సిద్ధపురంలో అస్తమయమని, రోమకంలో అర్ధరాత్రమని ఆర్యభటాచార్యుడు చెప్పాడు. ఒక్కొక్క నగరానికి మధ్య తొంభై అంశలు, అనగా పదిహేను ఘటికలు. లంక, ఉజ్జయినుల మీదుగా పోయే రేఖను భూమధ్యరేఖగా స్వీకరించి, దానికి తూర్పున ఉన్నవారికి వారప్రవృత్తి ఎంత భేదిస్తుందో, పడమట ఉన్నవారికి ఎంత భేదిస్తుందో గణించవలెనని సూర్యసిద్ధాంతం విధించింది. దీనికి దేశాంతర సంస్కారమని పేరు. ఆరు అంశలకు ఒక ఘటిక చొప్పున, ఉజ్జయిని రేఖకు సింహాచలం తూర్పున సుమారు ఏడున్నర అంశల దూరంలో ఉన్నది కనుక, దేశాంతరం సుమారు ఒక ఘటికా పదిహేను విఘటికలు, అంటే ముప్పై నిమిషాలు. సింహాచల వాసికి ఆ మేరకు మధ్యాహ్నం ముందు వస్తుంది. సంకల్పంలో దేశాన్ని కూడా చెప్పవలెనన్న విధికి గల శాస్త్రీయ ప్రయోజనం ఇదే. దేశం తెలియక వారం నిశ్చయం కాదు.

అయితే ఇక్కడ సత్యం ఒకటి నిష్పక్షపాతంగా చెప్పుకొనవలె. సిద్ధాంతం ఇక్కడ ఉన్నది. దానిని అనుభవంతో పరీక్షించిన నౌక అక్కడిది. పండితులు గోళాన్ని మనస్సులో తిప్పారు. కళింగ తీరంలోని నావికులు సముద్రాన్ని ఎరుగుదురు. కాని ధర్మశాస్త్రకారులు సముద్రయానాన్ని దోషంగా పరిగణించినందున గోళశాస్త్రం ఎరిగిన పండితుడు ఓడ ఎక్కే అవకాశం సన్నగిల్లింది. గ్రంథం ఒకరి చేతిలో, అనుభవం మరొకరి చేతిలో ఉండిపోయాయి. పూర్వులు సర్వమూ ఎరుగుదురని చెప్పి సంతృప్తి చెందడం సులభం. వారు ఎరిగినదానిని ఎంతవరకు పరీక్షించారని విచారించడమే వారికి నిజమైన గౌరవం.

దృక్కు, గణితం

ఆ విచారాన్ని ఆనాడే చేసినవారు భారతదేశంలో ఉన్నారు. గామా దిగిన కోళిక్కోడుకు అనతిదూరంలో, తృక్కండియూరులో, సోమయాజియైన నీలకంఠుడు నివసించేవాడు. 1444లో జన్మించిన ఆయన వేదవేదాంగ పారంగతుడు, సోమయాగం చేసిన శ్రోత్రియుడు. 1500–1501 ప్రాంతంలో తంత్రసంగ్రహాన్ని రచించాడు. ఆ గ్రంథపు ఆద్యంత పద్యాలలో కటపయాది సంకేతంతో గ్రంథారంభ, సమాప్తి దినాల కల్యహర్గణాలను నిక్షేపించాడని వ్యాఖ్యాత శంకర వారియర్ తెలిపాడు. సింహాద్రి శాసనం దానతిథిని శిలపై నిలిపినట్లే, నీలకంఠుడు రచనాతిథిని శ్లోకంలో నిలిపాడు.

బుధ, శుక్రుల గమనానికి పూర్వాచార్యులు చెప్పిన గణితాన్ని ఆయన సంస్కరించాడు. ఆర్యభటీయ భాష్యంలో గ్రహాలు సూర్యుని కేంద్రంగా చేసుకొని తిరుగుతాయని, ఆ సూర్యుడు భూమిని చుట్టుతాడని అర్థం వచ్చే క్రమాన్ని వర్ణించాడు. అన్నిటికంటె ముఖ్యమైనది జ్యోతిర్మీమాంస అన్న గ్రంథంలోని ఆయన దృష్టి. గణితఫలం ఆకాశంలో కనిపించే దానితో సరిపోనప్పుడు, పరీక్షించి, కొత్త సంస్కారం కల్పించడం శిష్యుల కర్తవ్యమని ఆయన నిలబెట్టాడు. ఆయనకు పరమగురువైన పరమేశ్వరుడు దశాబ్దాల పాటు గ్రహణాలను పరిశీలించి 1431లో దృగ్గణితాన్ని రచించినవాడు. ఋషి చెప్పినదానిని సరిదిద్దడం అపచారం కదా అని శంకించేవారికి వారి జీవితమే సమాధానం. ఋషి అనగా ద్రష్ట. చూడడం మాని ఆయన వాక్యాన్ని మాత్రమే పట్టుకొన్నవాడు ఋషిమార్గంలో ఉన్నాడని ఎట్లు చెప్పగలం?

పశ్చిమ తీరంలోని నందిగ్రామంలో గణేశ దైవజ్ఞుడు 1520లో గ్రహలాఘవాన్ని రచించాడు. దీర్ఘమైన జ్యాగణితం లేకుండా, పదకొండు సంవత్సరాల చక్రాన్ని ఆధారం చేసుకొని గ్రహస్ఫుటాలను సులభంగా సాధించే మార్గం అది. గ్రామంలోని పురోహితుడు కూడా పంచాంగం గుణించగలగవలెనన్నది అటువంటి గ్రంథాల సంకల్పం. తెలుగునాట ఈ విద్య అప్పటికే వేళ్లూనుకొని ఉన్నది. పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన గణితాన్ని తెలుగు చేశాడు. పన్నెండవ శతాబ్దిలో మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రచించాడు. సింహాద్రి శాసనపు దైవజ్ఞుడు ఇటువంటి పరంపరకు చెందినవాడే.

అదే కాలంలో యూరోపులో కాలగణన సంకటంలో ఉన్నది. వారి వర్షమానం వాస్తవ సౌరవర్షం కంటె స్వల్పంగా అధికమై, పదహారవ శతాబ్ది నాటికి పది దినాల భేదం ఏర్పడింది. మార్చి 21న రావలసిన విషువత్తు ఆకాశంలో మార్చి 10, 11 తేదీలకే వచ్చేది. 1514 ప్రాంతంలో క్రైస్తవ ధర్మాధికారులు ఈ దోషాన్ని సవరించడానికి కొపర్నికస్ వంటి పండితుల అభిప్రాయం కోరారు. వర్షప్రమాణమే సూక్ష్మంగా నిర్ణయం కానిదే సవరణ అసాధ్యమని ఆయన భావించాడు. ఆయన సూర్యకేంద్ర సిద్ధాంత గ్రంథం 1543లో వెలువడింది. సవరణ 1582లో జరిగింది. ఆ ఏట అక్టోబరు 4 తరువాతి దినాన్ని అక్టోబరు 15గా ప్రకటించారు. సింహాద్రి శాసనానికి పైన చెప్పిన 1516 మార్చి 30 ఆ పాత గణనలోనిదే.

అరసవల్లి సాక్ష్యం

ఈ భేదాలన్నిటినీ అతిక్రమించిన సాక్షి ఒకడు శ్రీకాకుళంలోనే ఉన్నాడు. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో మార్చి 9, 10, 11 తేదీల ప్రాంతంలోను, అక్టోబరు 1, 2, 3 తేదీల ప్రాంతంలోను ప్రభాత సూర్యకిరణాలు మూలమూర్తి పాదాలను స్పృశిస్తాయి. మేఘావరణం లేనినాడు ఆ దర్శనం కోసం వేలాది భక్తులు చేరుతారు.

ఈ రెండు దినసమూహాల ఎంపికలో మర్మమేమి? మార్చి 20, 21 తేదీలలో వసంత విషువత్తు. దానికి సుమారు పది దినాల ముందు మార్చి 10. సెప్టెంబరు 22, 23 తేదీలలో శరద్విషువత్తు. దానికి సుమారు పది దినాల తరువాత అక్టోబరు 2. రెండు సమయాలలోను సూర్యుని క్రాంతి సమానం. విషువద్వృత్తానికి దక్షిణంగా సుమారు నాలుగు అంశలు. ఉత్తరాయణంలో వస్తూ ఒక మారు, దక్షిణాయనంలో పోతూ ఒక మారు సూర్యుడు ఉదయాద్రిపై అదే బిందువు నుండి తొంగిచూస్తాడు. ద్వారం ఆ బిందువుకు ఎదురుగా ఉన్నది.

1516లో పాశ్చాత్యుల తేదీల ప్రకారం సూర్యుడు ఆ వసంత స్థానానికి వచ్చినది ఫిబ్రవరి చివరి దినాలలో. నేడు మార్చిలో. మారినది తేదీ, సూర్యుడు కాదు.

మన గణనకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. సూర్యసిద్ధాంత వర్షమానం 365 దినాల 15 ఘటికల 31 విఘటికల పైచిలుకు. ఇది నక్షత్రాలను ఆశ్రయించిన నిరయణ వర్షం. ఋతువులను నడిపే సాయన వర్షం ఇంతకంటె సుమారు 24 నిమిషాలు తక్కువ. అందుచేత సుమారు అరువది సంవత్సరాలకు ఒక దినం చొప్పున సంక్రమణాలు ఋతువుల నుండి ముందుకు జరుగుతూ ఉన్నాయి. రాయలు సింహాద్రి ఎక్కిన ఏట మేష సంక్రమణం విషువత్తుకు పదహారు, పదిహేడు దినాల తరువాత వచ్చింది. నేడు ఇరువదినాలుగు, ఇరువదియైదు దినాల తరువాత వస్తున్నది. ఉత్తరాయణారంభానికి, మకర సంక్రాంతికి గల అంతరం కూడా ఆ విధంగానే పెరుగుతున్నది. దీనిని దోషమని నిందించడం తగదు. నక్షత్రమండలంలో సూర్యుని స్థానాన్ని చెప్పడం నిరయణ పద్ధతి లక్ష్యం. కాని ఆ అంతరాన్ని ఎరుగకుండా సంక్రాంతి, అయనం ఒకటేనని భావించడం మాత్రం అజ్ఞానమే.

నేటి భక్తుని సందేహం

ఈ విషయం కేవలం చరిత్ర కాదు. ప్రతి సంవత్సరం ఏదో ఒక పర్వం విషయంలో, ఒక పంచాంగం ఒక దినాన్ని, మరొక పంచాంగం మరొక దినాన్ని చెప్పడం, భక్తులు ఏ నాడు ఉపవసించవలెనో తెలియక కలత చెందడం సర్వత్రా కనిపించేదే. మూలకారణం పూర్వగణితానికి, దృగ్గణితానికి గల భేదం. పూర్వపద్ధతిలో బాణవృద్ధి, రసక్షయం అనే నియమం ఉన్నది. తిథి అరువది ఘటికల కంటె ఐదు ఘటికలకు మించి పెరుగదని, ఆరు ఘటికలకు మించి తగ్గదని దాని భావం. ప్రత్యక్ష గణితంలో తిథి సుమారు 50 ఘటికల నుండి 67 ఘటికల వరకు ఉండవచ్చు. చంద్రుని గతి అంత విషమమైనది. తిథ్యంతం కొన్ని ఘటికలు భేదించినప్పుడు సూర్యోదయానికి ఉండే తిథే మారిపోతుంది. ఏకాదశి ద్వాదశి అవుతుంది.

పూర్వగణితాన్ని అనుసరించేవారు సంప్రదాయ రక్షణను, దృగ్గణితాన్ని అనుసరించేవారు ప్రత్యక్షాన్ని ప్రమాణంగా చూపుతారు. ఉభయపక్షాలలోను శ్రద్ధాళువులున్నారు. గ్రహణం విషయంలో మాత్రం పూర్వపక్షం వారు కూడా కంటికి కనిపించే స్పర్శ, మోక్ష కాలాలనే గ్రహిస్తున్నారు. పట్టువిడుపు స్నానాలు ఆకాశాన్ని చూచి చేయవలసినవే కదా! గ్రహణానికి అంగీకరించిన ప్రమాణాన్ని తిథికి ఏల నిరాకరించవలెనన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత విద్వాంసులపై ఉన్నది. పరమేశ్వరుడు, నీలకంఠుడు ఆ ప్రశ్నకు ఐదారు శతాబ్దాల క్రిందటనే తమ పక్షాన సమాధానం చెప్పారు.

ఉత్తరాంధ్ర కూడా ఈ దృక్సంప్రదాయానికి దూరం కాలేదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణంలో స్వంత ధనంతో నక్షత్రశాలను నెలకొల్పాడు. మద్రాసు నక్షత్రశాలలో శిక్షణ పొందిన జమీందారు ఆయన. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ కృషిని కొనసాగించి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన అరుదైన సంక్రమణాన్ని పరిశీలించాడు. సింహాద్రి శిలపై తిథి చెక్కిన దైవజ్ఞునికి, విశాఖలో దూరదర్శినిలోకి చూచిన నరసింగరావుకు మధ్య మూడున్నర శతాబ్దాలున్నా, వారు చూచిన ఆకాశం ఒక్కటే.

సంకల్పంలో తిథిని ఉచ్చరించేటప్పుడు కర్త ఒక సత్యవాక్యం పలుకుతున్నాడు. చంద్రుడు ఈ క్షణాన సూర్యునికి ఇంత దూరంలో ఉన్నాడని దేవతా సన్నిధిలో ప్రమాణపూర్వకంగా చెబుతున్నాడు. ఆ వాక్యం అసత్యం కాకూడదు. ధాతృ సంవత్సర చైత్ర బహుళ ద్వాదశి నాడు సింహాద్రిలో పలికిన వాక్యం ఐదు శతాబ్దాల తరువాత పరీక్షకు నిలిచింది. ఈనాడు ఆలయాలలో, గృహాలలో పలుకుతున్న తిథివాక్యం కూడా మరి ఐదు శతాబ్దాల తరువాత పరీక్షకు నిలువగలదా అన్నది పంచాంగకర్తలు, అర్చకులు, భక్తులు కలిసి విచారించవలసిన విషయం.

స్వస్తి.